కంపెనీ మూతపడితే ఉపగ్రహాలను ఎవరు దించుతారు?

బ్రాడ్‌బ్యాండ్ సేవ కోసం ఉపగ్రహాల సమూహాలను ప్రయోగిస్తున్న సంస్థల యాజమాన్యాలకు, వాటికి లైసెన్సులు మంజూరు చేస్తున్న అన్ని దేశాల నియంత్రణాధికారులకు

గౌరవనీయులారా,

నేను చాలా ఏళ్లుగా ఉపగ్రహ సమాచార వ్యవస్థల్లో పనిచేస్తున్నవాణ్ణి. కేబుళ్లు చేరని చోట డిష్‌లు బిగించడం, సిగ్నల్ పట్టుకోవడం, అది తెగిపోతే ఎందుకు తెగిందో వెతకడం నా పని. మీరు చేస్తున్న వ్యాపారం మీద నాకు ఎలాంటి వ్యతిరేకతా లేదు. పైగా, అది నిలదొక్కుకోవాలని మనస్ఫూర్తిగా కోరుకునేవారిలో నేనూ ఒకణ్ణి. ఈ లేఖలో మిమ్మల్ని అడగదలచుకున్నది ఒక్కటే. మీ కంపెనీ మూతపడిన మర్నాడు పైన తిరుగుతున్న ఉపగ్రహాలకు ఆదేశాలు ఎవరు పంపుతారు, వాటిని దించే ఖర్చు ఎవరు పెట్టుకుంటారు? దీనికి సమాధానం మాటల రూపంలో కాక డబ్బు రూపంలో, ప్రయోగం తర్వాత కాక ప్రయోగానికి ముందే ఉండాలన్నది నా విన్నపం.

ఈ ప్రశ్న నాకు చట్టాల పుస్తకాలు చదివి తట్టలేదు. కొన్నేళ్ల కిందట సముద్రం మధ్యలో ఉన్న ఒక చిన్న దీవిలో, ఆరోగ్య కేంద్రం పైకప్పు మీద ఒక డిష్ బిగించాను. అప్పట్లో మాకున్నది భూస్థిర కక్ష్యలోని ఉపగ్రహం. అది భూమధ్యరేఖకు పైన 35,786 కిలోమీటర్ల ఎత్తులో ఉండి, భూమితో సమానంగా తిరుగుతూ, కింద నిలబడ్డవారికి ఆకాశంలో ఒకేచోట ఆగినట్టు ఉంటుంది. డిష్‌ను దానికి గురిపెట్టేటప్పుడు ఒక్క డిగ్రీ అటూ ఇటూ అయినా సిగ్నల్ పోతుంది. బోల్టును పావు చుట్టు తిప్పి, మీటరు చూసి, మళ్లీ పావు చుట్టు వెనక్కి తిప్పి, అలా రెండు గంటలు ఎండలో కూర్చుంటే, మోడెమ్ మీద అంతదాకా మిణుకుమిణుకుమంటున్న ఆకుపచ్చ దీపం నిలకడగా వెలిగింది. ఆ సాయంత్రం అక్కడి నర్సు ఒక రోగి ఎక్స్‌రే చిత్రాన్ని దూరాన ఉన్న వైద్యుడికి పంపింది. ప్రశ్నకు బదులు వినిపించడానికి అర సెకనుకు పైగా పట్టేది. ఇద్దరూ ఒకరి మాటలో ఒకరు అడ్డుపడుతూ, ఆగుతూ, మళ్లీ మొదలుపెడుతూ మాట్లాడుకున్నారు. అయినా ఆ సంభాషణ ఆ దీవికి చాలా పెద్ద విషయం.

ఏడాదిన్నర తిరగకముందే సేవ అందిస్తున్న కంపెనీ దివాలా తీసింది. వచ్చిన కబురు ఒక్క పేరా ఈమెయిల్. నెలాఖరుకు సిగ్నల్ ఆగిపోయింది. ఉపగ్రహానికి ఏ లోపమూ రాలేదు. డిష్ గురి తప్పలేదు. అద్దె కట్టేవాడు లేడు, అంతే. నేను మరో పని మీద ఆ దారిన వెళ్లినప్పుడు ఆ నర్సు నన్ను గుర్తుపట్టి మోడెమ్ దగ్గరికి తీసుకెళ్లింది. ఆమె దాన్ని ఆపలేదు. ఆకుపచ్చ దీపం మొదటి రోజులాగే మిణుకుమిణుకుమంటూ, లేని సిగ్నల్ కోసం వెతుకుతూనే ఉంది. ఎప్పుడు వస్తుందని ఆమె అడిగింది. ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు, కంపెనీలో జవాబు చెప్పే మనిషే లేడు.

ఆ రోజు నష్టపోయింది ఒక ఆరోగ్య కేంద్రం. పైనున్న ఉపగ్రహం వేరే సంస్థ సొత్తు కాబట్టి, దాన్ని నడిపేవారు ఉన్నారు కాబట్టి, ఆకాశంలో ఏ ముప్పూ రాలేదు. మీ వ్యాపారం అలా కాదు. సేవ అమ్మేది మీరే, ఉపగ్రహాలు మీవే, వాటికి ఆదేశాలు పంపే కేంద్రమూ మీదే. మీరు పోతే మూడూ ఒక్కసారిగా పోతాయి.

మీ వ్యాపారంలో దివాలా ప్రమాదం ఎందుకు ఎక్కువో మీకు నేను చెప్పనవసరం లేదు గాని, ఈ లేఖ చదివే సామాన్య పాఠకుల కోసం రెండు మాటలు చెబుతాను. భూస్థిర కక్ష్యలో ఒక్క ఉపగ్రహం నిలబెడితే ఆ రోజు నుంచే ఒక ఖండానికి సేవ అమ్ముకోవచ్చు. దిగువ కక్ష్యలో అది కుదరదు. సుమారు 550 కిలోమీటర్ల ఎత్తులో ఉన్న ఉపగ్రహం గంటన్నరకు కాస్త పైగా సమయంలో భూమిని చుట్టి వస్తుంది. ఒక ఇంటి పైకప్పు నుంచి చూస్తే అది కొన్ని నిమిషాలే అందుబాటులో ఉండి దిగంతంలోకి జారిపోతుంది. అది జారిపోయేలోపు మరొకటి అందుకోవాలి, దాని వెనక ఇంకొకటి రావాలి. అంటే ఒక్క వినియోగదారుడికి తెరిపి లేకుండా సేవ ఇవ్వాలన్నా వందల ఉపగ్రహాలు ముందుగానే పైకి వెళ్లి ఉండాలి. పైగా భూమి ఉపరితలంలో దాదాపు 70 శాతం సముద్రమే కాబట్టి, ఏ క్షణంలో చూసినా మీ ఉపగ్రహాల్లో అధిక భాగం కొనేవారు చాలా తక్కువగా ఉన్న నీళ్ల మీద తిరుగుతూ ఉంటాయి. దూరం తగ్గడం వల్ల ఆలస్యం అర సెకను నుంచి సెకనులో కొన్ని వందోవంతులకు పడిపోయింది. నా ఆరోగ్య కేంద్రం నర్సు కోరుకున్నదీ అదే. కానీ ఆ లాభం కోసం పెట్టుబడి మొత్తం సంపాదన మొదలుకాకముందే కక్ష్యకు చేరాలి. అక్కడితో ఖర్చు ఆగదు. ఈ ఉపగ్రహాల ఆయుష్షు ఐదేళ్లు, కొన్నిటికి ఇంకాస్త ఎక్కువ. ఐదు వేల ఉపగ్రహాల సమూహాన్ని నిలబెట్టుకోవాలంటే ఏడాదికి వెయ్యి చొప్పున కొత్తవి పంపాలి, వెయ్యి పాతవి దించాలి. లెక్క వేస్తే రోజుకు దాదాపు మూడు ఎక్కుతూ, మూడు దిగుతూ ఉండాలి. డబ్బు ఆగిన రోజు ఎక్కేవి ఆగుతాయి. దిగాల్సినవి మాత్రం ఆగకూడదు.

చరిత్ర చూడండి. ఇరిడియం 66 ఉపగ్రహాలతో 1998 నవంబరులో టెలిఫోన్ సేవ మొదలుపెట్టి, 1999 ఆగస్టులో దివాలా కోర్టుకు వెళ్లింది. దాని మీద వెచ్చించింది సుమారు 500 కోట్ల డాలర్లు, చివరికి అమ్ముడుపోయింది సుమారు 2.5 కోట్ల డాలర్లకు. ఆ కొనుగోలుదారు దొరికేదాకా, ఆ ఉపగ్రహాలన్నింటినీ కక్ష్య నుంచి దించి వాతావరణంలో కాల్చివేయడానికి ఇరిడియంను పుట్టించిన మోటరోలా సిద్ధపడింది. ఆ పని చేయగల సిబ్బంది, డబ్బు ఉన్న పెద్ద సంస్థ వెనక ఉంది కాబట్టి ఆ మాటైనా వినిపించింది. బ్రాడ్‌బ్యాండ్ కోసమే పుట్టిన టెలెడెసిక్ మొదట 840 ఉపగ్రహాలని, తర్వాత 288 అని ప్రకటించి, ఒక్క ప్రయోగాత్మక ఉపగ్రహం తప్ప ఏమీ పంపకుండానే 2002లో పని ఆపేసింది. ఉపగ్రహ ఫోన్ల సంస్థ గ్లోబల్‌స్టార్ అదే ఏడాది దివాలా తీసింది. ఇవన్నీ పాత తరం కథలని కొట్టిపారేయడానికి వీల్లేదు. బ్రాడ్‌బ్యాండ్ సంస్థ వన్‌వెబ్ 2020 మార్చిలో దివాలా రక్షణ కోరినప్పుడు దాని ఉపగ్రహాలు 74 అప్పటికే పైన ఉన్నాయి. అవి తిరిగేది సుమారు 1,200 కిలోమీటర్ల ఎత్తులో.

ఆ ఎత్తు అంకె దగ్గర కాసేపు ఆగమని నియంత్రణాధికారులను కోరుతున్నాను. 550 కిలోమీటర్ల దగ్గర ఇంకా పలచని గాలి జాడ ఉంటుంది. చచ్చిన ఉపగ్రహాన్ని ఆ గాలి నెమ్మదిగా లాగి, కొన్నేళ్లలో కిందికి దించి కాల్చేస్తుంది. 1,200 కిలోమీటర్ల దగ్గర ఆ దయ లేదు. అక్కడ ఆగిపోయిన వస్తువు శతాబ్దాల తరబడి అలాగే తిరుగుతుంది. బ్రిటన్ ప్రభుత్వం, భారతీ సంస్థ కలిసి 100 కోట్ల డాలర్లతో వన్‌వెబ్‌ను కొని నిలబెట్టాయి. తర్వాత 2022లో రష్యా రాకెట్లు అందకుండా పోయినప్పుడు ఇస్రో ఎల్‌వీఎం3 రాకెట్ రెండు విడతలుగా 72 ఉపగ్రహాలను పైకి చేర్చింది. ఆ కథ సుఖాంతమైనందుకు సంతోషమే. కానీ కొనేవారు ముందుకు రాకపోయి ఉంటే ఆ 74 ఉపగ్రహాల సంగతి ఎవరు చూసేవారు? కొనుగోలుదారు దొరకడం అదృష్టం. అదృష్టాన్ని నమ్ముకుని లైసెన్సులు ఇవ్వకూడదు.

అదుపు తప్పిన ఒక్క వస్తువు ఏం చేయగలదో మనం ఇప్పటికే చూశాం. 2009 ఫిబ్రవరి 10న సైబీరియా పైన దాదాపు 790 కిలోమీటర్ల ఎత్తులో, పనిచేస్తున్న ఇరిడియం 33ను కాస్మోస్ 2251 ఢీకొట్టింది. కాస్మోస్ అప్పటికి ఎన్నో ఏళ్లుగా మూగబోయి ఉన్న ఉపగ్రహం. రెండూ సెకనుకు 11 కిలోమీటర్లకు పైబడిన సాపేక్ష వేగంతో తగులుకుని, నేల మీది రాడార్లు పట్టుకోగలిగిన శకలాలే రెండు వేలకు పైగా మిగిల్చాయి. వాటిలో కొన్ని ఇవాళ్టికీ పైనే ఉన్నాయి. తగాదా పెట్టుకోవడానికి అటువైపు నడిపేవారే లేని ఉపగ్రహంతో జరిగిన ప్రమాదం అది.

నడిపేవారు ఉన్నప్పుడు కూడా ఈ వ్యవహారం ఎంత సున్నితమో ఒక రాత్రి విధుల్లో కూర్చున్నవారికి తెలుస్తుంది. రెండు వస్తువులు ఢీకొనవచ్చని వచ్చే హెచ్చరిక సందేశంలో ఉండేది ఎంతో కాదు. రెండు వస్తువుల గుర్తింపు సంఖ్యలు, అత్యంత దగ్గరగా వచ్చే క్షణం, ఆ క్షణంలో వాటి మధ్య దూరం, ఆ అంచనాలో ఎంత తప్పు ఉండవచ్చో చెప్పే అంకెలు, ఢీకొనే సంభావ్యత. పది వేలలో ఒకటి దాటితే చాలామంది కదలడానికి సిద్ధమవుతారు. అప్పుడు మొదట చేసే పని ఇంజిన్ వెలిగించడం కాదు, అవతలివారికి కబురు పంపడం. ఎందుకంటే ఇద్దరూ ఒకేసారి ఒకే వైపు తప్పుకుంటే తప్పుకుని కూడా ప్రయోజనం లేదు. 2019 సెప్టెంబరులో ఐరోపా అంతరిక్ష సంస్థ తన ఎయోలస్ ఉపగ్రహాన్ని స్పేస్ఎక్స్ సంస్థకు చెందిన ఒక స్టార్‌లింక్ ఉపగ్రహం దారి నుంచి తప్పించడానికి పైకి జరపవలసి వచ్చింది. ప్రమాద సంభావ్యత పెరిగిందన్న కబురు తమ సిబ్బందికి చేరకపోవడానికి విధుల్లో ఉన్నవారిని పిలిచే వ్యవస్థలోని లోపమే కారణమని స్పేస్ఎక్స్ అప్పుడు వివరణ ఇచ్చింది. ఆ సంస్థ ఆ తర్వాత తన తప్పింపు పద్ధతులను ఎంతో మెరుగుపరచింది, తన ఉపగ్రహాల కక్ష్యా వివరాలను బయటపెడుతోంది. నేను దాన్ని తప్పుపట్టడానికి ఇది చెప్పడం లేదు. ఒక్క కబురు అందకపోతేనే అంత గాభరా పుట్టిన చోట, కబురు అందుకునే ఆఫీసుకే తాళం పడితే ఏమవుతుందో ఊహించమని చెబుతున్నాను.

ఇక నిబంధనల సంగతి. 1967 నాటి అంతరిక్ష ఒప్పందం ప్రకారం ప్రైవేటు సంస్థ చేసే అంతరిక్ష కార్యకలాపాలకు దేశమే బాధ్యత వహించాలి, అనుమతి ఇవ్వడమే కాక నిరంతరం పర్యవేక్షించాలి. 1972 నాటి బాధ్యతా ఒప్పందం నష్టపరిహారం సంగతి చెబుతుంది. నేల మీద నష్టం జరిగితే ప్రయోగించిన దేశం తప్పు ఉన్నా లేకున్నా చెల్లించాలి, కక్ష్యలో నష్టం జరిగితే తప్పు నిరూపించాలి. 1978లో అణుశక్తితో నడిచే సోవియట్ ఉపగ్రహం కాస్మోస్ 954 కెనడాలో పడినప్పుడు, శుభ్రం చేసిన ఖర్చు కింద కెనడా 60 లక్షల కెనడా డాలర్లు అడిగింది, చివరికి 1981లో అందింది 30 లక్షలు. అంటే కంపెనీ పోయినా అప్పు పోదు. అది లైసెన్సు ఇచ్చిన దేశపు ఖజానా మీద, అంటే ఆ దేశ ప్రజల మీద పడుతుంది. అధికారులారా, మీరు సంతకం పెట్టేటప్పుడు ఆ ప్రజల తరఫున పూచీ పడుతున్నారు. పూచీ పడేవాడు ఎదుటివాడి దగ్గర ఏదో ఒక ధరావతు తీసుకోవడం లోకరీతి.

ఆశ్చర్యం ఏమిటంటే, ధరావతు అన్న ఆలోచన మీకు కొత్త కాదు. అమెరికా నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ ఇలాంటి సమూహాలకు లైసెన్సు ఇచ్చేటప్పుడు పది లక్షల డాలర్లతో మొదలై 50 లక్షల దాకా పెరిగే పూచీకత్తు తీసుకుంటుంది. అయితే అది ఉపగ్రహాలను దించడానికి కాదు, లైసెన్సు దగ్గర పెట్టుకుని ఊరుకోకుండా గడువులోగా ఎగరేయించడానికి. సగం సమూహం ఆరేళ్లలో, మిగిలింది తొమ్మిదేళ్లలో పైకి వెళ్లాలి. అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంఘం ఐటీయూ కూడా 2019 సమావేశంలో ఇలాంటి మెట్లే పెట్టింది. దరఖాస్తు తర్వాత తొలి ఉపగ్రహాన్ని పనిలో పెట్టడానికి ఇచ్చే ఏడేళ్ల గడువు ముగిశాక రెండేళ్లలో 10 శాతం, ఐదేళ్లలో 50 శాతం, ఏడేళ్లలో మొత్తం. కాగితం మీద కక్ష్యలను కబ్జా చేసి కూర్చునేవారిని ఆపడానికి ఈ నిబంధనలు అవసరమే. 2021లో ఒక్క రువాండా దరఖాస్తులోనే మూడు లక్షల ఇరవై ఏడు వేలకు పైగా ఉపగ్రహాల ప్రస్తావన ఉందంటే, కాగితం ఎంత తేలికో అర్థమవుతుంది. కానీ ఫలితంగా తయారైన వ్యవస్థలో తొందరగా ఎగరేయనివాడికి జరిమానా ఉంది, దించలేనివాడి కోసం పక్కన పెట్టిన రూపాయి లేదు. 2022 సెప్టెంబరులో ఎఫ్‌సీసీ పాత 25 ఏళ్ల సూచనను వదిలి, పని ముగిసిన ఉపగ్రహాన్ని ఐదేళ్లలోపు దించాలని కచ్చితమైన నిబంధన తెచ్చింది. అది మంచి నిర్ణయం, సాహసమైన నిర్ణయం. దించడానికి పూచీకత్తు తీసుకోవాలన్న ప్రతిపాదనను కూడా అదే సంస్థ 2020లో చర్చకు పెట్టింది. ఐదేళ్ల నిబంధన వచ్చినప్పుడు దాని వెంట ఆ పూచీకత్తు రాలేదు. దివాలా తీసిన కంపెనీకి నిబంధన ఉల్లంఘించావని నోటీసు పంపితే అది తాళం వేసిన తలుపు కింద పడి ఉంటుంది.

అందుచేత నేను కోరేది ఇది. ప్రతి ఉపగ్రహానికీ దాని బరువును, తిరిగే ఎత్తును, ఆ నమూనా ఉపగ్రహాలు ఇప్పటిదాకా ఎంత శాతం చెడిపోయాయన్న లెక్కను బట్టి ఒక ధరావతు నిర్ణయించండి. అది కంపెనీ ఖాతాలో కాకుండా, అప్పులవాళ్లు తాకలేని ప్రత్యేక నిధిలో ఉండాలి. దివాలా కోర్టులో మొదట చేతులు చాచేది అప్పులిచ్చినవారే. ఒక ఉపగ్రహం క్షేమంగా దిగి వాతావరణంలో కాలిపోగానే దాని తాలూకు ధరావతును ఆ నెలలోనే కంపెనీకి తిరిగి ఇచ్చేయండి. గాలి తానే కొన్నేళ్లలో దించేసే ఎత్తులో ఉన్నవాటికి ఆ మొత్తం చాలా తక్కువ ఉండవచ్చు. వెయ్యి కిలోమీటర్లు దాటి ఉన్నవాటికి అది బరువుగానే ఉండాలి, ఎందుకంటే అక్కడ చెడిపోయినదాన్ని దించాలంటే మరో వాహనాన్ని పంపడం తప్ప దారి లేదు. అలాంటి వాహనాలు ఇంకా బాల్యంలోనే ఉన్నాయి. 2024లో జపాన్ సంస్థ ఆస్ట్రోస్కేల్ పంపిన వ్యోమనౌక ఒక పాత రాకెట్ భాగానికి సుమారు 15 మీటర్ల దగ్గరిదాకా వెళ్లి పరిశీలించి వచ్చింది. అదొక గొప్ప అడుగు. పట్టుకుని దించడం ఇంకా తర్వాతి మాట.

గనులు తవ్వేవారి దగ్గర, పని ముగిశాక నేలను బాగుచేయడానికి ఎన్నో దేశాలు ముందుగానే డబ్బు కట్టించుకుంటున్నాయి. అణు విద్యుత్ కేంద్రాలకు మూసివేత నిధులు ఉన్నాయి. ఆ పరిశ్రమలు దీనివల్ల కుప్పకూలలేదు. కొత్తగా వచ్చే చిన్న సంస్థలు, కొత్త దేశాలు ఈ భారం మోయలేవని, ఇప్పటికే పైన వేల ఉపగ్రహాలు ఉన్నవారికే ఇది లాభమని కొందరు అంటారు. ఆ అభ్యంతరాన్ని నేను తేలిగ్గా తీసుకోను. ఐటీయూ రాజ్యాంగం 44వ అధికరణంలో పౌనఃపున్యాలను, కక్ష్యలను పరిమిత సహజ వనరులుగా పేర్కొని అన్ని దేశాలకూ న్యాయమైన అవకాశం ఉండాలని చెప్పింది. ఆ మాటను ఎవరి ధరావతూ మింగేయకూడదు. చిన్న సంస్థలు కలిసి ఉమ్మడి నిధి పెట్టుకోవచ్చు, బీమా ద్వారా పూచీ చూపవచ్చు, తక్కువ ఎత్తు ఎంచుకుని ధరావతు తగ్గించుకోవచ్చు. కానీ దించే స్తోమత లేనివాడికి ఎక్కించే హక్కు ఉందన్న వాదనను మాత్రం నేను ఒప్పుకోలేను. ముందొచ్చినవాళ్లు చేసిన చెత్తలో రేపు వచ్చే చిన్న దేశపు ఉపగ్రహమే ముందుగా చిక్కుకుంటుంది.

డబ్బుతో పాటు మనుషులు కూడా కావాలి. కంపెనీ మూతపడితే దాని ఉపగ్రహాలను ఎవరు నడుపుతారో, ఆ సంరక్షక సంస్థ పేరు లైసెన్సులోనే రాసి ఉండాలి. ఆదేశాలు పంపడానికి కావలసిన రహస్య సంకేతాలు, భూకేంద్రాల వివరాలు, ఇంజిన్ల స్వభావం తెలిపే పత్రాలు ముద్ర వేసి నియంత్రణ సంస్థ దగ్గర ఉండాలి. ఏడాదికి ఒకసారైనా ఆ సంరక్షకులు ఒక ఉపగ్రహానికి తమ కేంద్రం నుంచి ఆదేశం పంపి చూసుకోవాలి. ఈ చివరి మాటకు నేను ఎక్కువ విలువ ఇస్తాను. ఒకరి వ్యవస్థను మరొకరు హఠాత్తుగా చేతిలోకి తీసుకున్నప్పుడు, కాగితం మీద అంతా సవ్యంగా ఉన్నా, ఒక పాస్‌వర్డ్ దగ్గరో ఒక పాత సాఫ్ట్‌వేర్ దగ్గరో పని రోజుల తరబడి ఆగిపోవడం నేను కళ్లారా చూశాను. దిగువ కక్ష్యలో రోజుల తరబడి ఆగే వెసులుబాటు ఉండదు.

యాజమాన్యాలకు న్యాయం చేయడానికి ఒక విషయం చెప్పాలి. మీలో కొందరు ఇప్పటికే మంచి దారులు చూపారు. 2022 ఫిబ్రవరిలో స్పేస్ఎక్స్ 49 ఉపగ్రహాలను సుమారు 210 కిలోమీటర్ల ఎత్తులో వదిలిన మర్నాడు సౌర తుపాను ప్రభావంతో పైవాతావరణం ఉబ్బి, వాటిలో దాదాపు 40 పైకి ఎగబాకలేక రాలిపోయాయి. పత్రికలు దాన్ని వైఫల్యంగా రాశాయి. నాకు మాత్రం అందులో ఒక వివేకం కనిపించింది. ఉపగ్రహాలను మొదట తక్కువ ఎత్తులో వదిలి, పరీక్షించి, బాగున్నవాటినే పైకి పంపడం వల్లనే అవి కొద్ది రోజుల్లోనే కాలిపోయాయి, ఒక్కటీ చెత్తగా మిగల్లేదు. డబ్బు నష్టపోయినా ఆకాశం నష్టపోలేదు. వన్‌వెబ్ తన ఉపగ్రహాలకు, అవసరమైతే మరో వాహనం వచ్చి పట్టుకోవడానికి వీలుగా ఒక పట్టు అమర్చింది. ఇరిడియం తన రెండో తరం ఉపగ్రహాలు చేరాక మొదటి తరంలో ఆదేశాలు వినగలిగినవాటిని వరసగా దించింది. వినలేనివి సుమారు 30 పైనే ఉండిపోయాయి. ఇందుకు భిన్నంగా, 2024 ఆగస్టులో చైనా చియెన్‌ఫాన్ సమూహపు తొలి 18 ఉపగ్రహాలను చేర్చిన రాకెట్ పైభాగం దాదాపు 800 కిలోమీటర్ల ఎత్తులో ముక్కలై వందల శకలాలను వదిలింది. కాబట్టి ధరావతు లెక్కలో ఉపగ్రహాలతో పాటు వాటిని మోసుకెళ్లిన రాకెట్ పైభాగాన్నీ కలపాలి.

ఖగోళ పరిశోధకులు రాత్రి ఆకాశపు వెలుతురు గురించి, రేడియో దూరదర్శినుల మీద పడుతున్న చప్పుడు గురించి, కాలిపోయే ఉపగ్రహాల అల్యూమినియం పైవాతావరణంలో ఏం చేస్తుందన్న దాని గురించి నాకంటే బాగా రాస్తున్నారు. ఆ ఆందోళనలు నావీ. అయితే అవన్నీ మీరు పనిచేస్తున్నప్పటి సంగతులు, మాట్లాడుకోవడానికి ఎదురుగా మీరు ఉన్నప్పటి సంగతులు. నా లేఖ మీరు లేనప్పటి గురించి.

ఈ సేవ అవసరం గురించి నన్ను ఒప్పించవలసిన పని లేదు. 2022 జనవరిలో సముద్రగర్భ అగ్నిపర్వతం పేలి టోంగాకు ప్రపంచంతో ఉన్న ఏకైక కేబుల్ తెగినప్పుడు, దాన్ని బాగుచేయడానికి దాదాపు ఐదు వారాలు పట్టింది. ఆ రోజుల్లో వారికి దిక్కు ఉపగ్రహాలే. 2025లో కూడా ప్రపంచంలో 220 కోట్ల మందికి ఇంటర్నెట్ అందలేదని ఐటీయూ అంచనా. వాళ్లలో చాలామంది కేబుల్ వేసినవాడికి ఖర్చు తిరిగిరాని చోట్ల ఉన్నారు. కింద చందా కట్టేవారిని కూడా ఈ ఏర్పాటులోకి తీసుకురండి. సేవ ఆగిపోయే పరిస్థితి వస్తే, ఆసుపత్రులకు, బడులకు, ఓడలకు కనీసం ఆరు నెలల పాటు అది కొనసాగడానికి అదే నిధిలో ఒక భాగం కేటాయించండి. ఒక్క పేరా ఈమెయిల్‌తో నెలాఖరుకు సిగ్నల్ ఆపేయడం ఇంకెవరికీ జరగకూడదు.

2027 అక్టోబరులో ప్రపంచ రేడియో సమావేశం జరగబోతోంది. అక్కడ చర్చకు వచ్చేవి ప్రధానంగా పౌనఃపున్యాలు, ఒకరి సిగ్నల్ మరొకరి సిగ్నల్‌కు అడ్డుపడకుండా పెట్టే హద్దులు. ధరావతు గురించి అక్కడ తీర్మానం జరగాలని నేను ఆశించడం లేదు, దానికి అంతర్జాతీయ ఒప్పందం కోసం ఎదురుచూడనవసరం కూడా లేదు. లైసెన్సు ఇచ్చే ఏ దేశమైనా రేపటి లైసెన్సులోనే ఈ షరతు చేర్చవచ్చు, తన మార్కెట్లో సేవ అమ్ముకోవడానికి అనుమతి అడిగే విదేశీ సంస్థకూ అదే షరతు పెట్టవచ్చు.

అంతకంటే ముందు, యాజమాన్యాలారా, ఎవరి అనుమతీ అవసరం లేకుండా మీరు చేయగలిగిన పని ఒకటి ఉంది. మీ సమూహంలో ఈ రోజు ఆదేశాలకు స్పందించని ఉపగ్రహాలు ఎన్ని, అవి ఏ ఎత్తుల్లో ఉన్నాయి, మిగిలినవన్నీ దించడానికి మీరు విడిగా పక్కన పెట్టిన మొత్తం ఎంత? ఈ మూడు అంకెలను బహిరంగంగా ప్రకటించి, ప్రతి మూడు నెలలకూ సవరిస్తూ ఉండమని కోరుతున్నాను. మూడో అంకె సున్నా అయితే సున్నా అనే రాయండి.

ఇట్లు,
మీ సేవ మీద ఆధారపడిన చోట్ల డిష్‌లు బిగించే ఒక సాంకేతిక నిపుణుడు